ఆఖరి పేజీ అడుగున రాసిన వాక్యం

ప్రశ్న: నేను పర్లాకిమిడిలో ఒక స్వచ్ఛంద సంస్థలో 11 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. గుమ్మ వైపు కొండల మీద ఉన్న సవర గిరిజనుల ఊళ్ళకి ఊటనీళ్ళు పైపుల్లో దించి కుళాయిలు పెట్టడం మా పని. పోయిన నెల మూడు ఊళ్ళలో ట్యాంకులు కడిగించాం. ఆ వారంలోనే ఒక ఊళ్ళో అయిదుగురికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అందరూ కోలుకున్నారు. ఇంతలో ఒక యూట్యూబ్ కుర్రాడు వచ్చి "ఎన్జీవో వాళ్ళు నీళ్ళలో మందు కలుపుతున్నారు, నలభై లక్షలు మింగేశారు" అని వీడియో పెట్టాడు. ఆ ఊరి వాళ్ళు కుళాయి మానేసి మళ్ళీ గెడ్డ (కొండవాగు) నీళ్ళే తాగుతున్నారు. మా డైరెక్టర్ గారు మూడు పేజీల ప్రకటన రాయించి అందరికీ పంపారు. ఎవరూ చదవలేదు. ఇప్పుడు లాయరు నోటీసు ఇద్దామంటున్నారు, ఫిట్టరుని తీసేద్దామంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. మా పని జనానికి అర్థమయ్యేలా చెప్పడం ఎలా? సంస్థ పేరు కాపాడుకోవడం ఎలా? (ట్యాంకు కడిగిన రోజు మా ఫిట్టరు బ్లీచింగ్ నీళ్ళు పూర్తిగా బయటికి వదలకుండానే వాల్వు తిప్పేశాడట. ఇది ఆఫీసులో నలుగురికే తెలుసు.)
— ఒక ఉద్యోగిని, పర్లాకిమిడి, ఒడిశా

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు. ఇక్కడ కుదించి వేశాను. బ్రాకెట్లో ఉన్న ఆ రెండు ముక్కలు మీరు ఆఖరి పేజీ అడుగున, సంతకం పైన, ఇరుకులో ఇరికించి రాశారు. వీటిని కూడా వేయమంటారా అని ఫోన్ చేసి అడిగితే ఒక రోజు ఆలోచించుకుని సరే అన్నారు. ఆ ఒక్క రోజు ఆలోచనకే మీకు సగం మార్కులు వేసేశాను.

డైరెక్టర్ గారి మూడు పేజీలు కూడా జత చేశారు. రెండుసార్లు చదివాను. సంస్థ ఎప్పుడు పుట్టింది, ఎన్ని ఊళ్ళలో పనిచేస్తోంది, ఎవరెవరు మెచ్చుకున్నారు, అన్నీ ఉన్నాయి. వాల్వు సంగతి మాత్రం లేదు. జబ్బుపడిన ఆ అయిదుగురి సంగతి రెండో పేజీ మధ్యలో "కొన్ని అస్వస్థత ఘటనలు" అని వచ్చి పోయింది. పిల్లకి ఒళ్ళు తెలియకుండా వాంతులవుతుంటే రాత్రంతా కూర్చున్న తల్లి ఆ మాట వింటే ఏమనుకుంటుందో ఒక్కసారి ఊహించుకోండి.

మిగతా సంగతులు తర్వాత. ముందు ఆ ఊరి వాళ్ళు గెడ్డ నీళ్ళు తాగుతున్నారు, పైగా వానాకాలం. ఇవాళే ఆశా దీదీకి ఫోన్ చేయండి. కుళాయిదైనా గెడ్డదైనా, తెలిసేదాకా మరిగించే తాగమని ఇంటింటికీ చెప్పించండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఊళ్ళో ఉన్నాయో లేదో కనుక్కోండి. ఇది మీ సంస్థ పేరు కోసం చేసేది కాదు. అయినా మీ ఊళ్ళ వాళ్ళు తర్వాత గుర్తు పెట్టుకునేది దీన్నే.

ఇక వాల్వు. నలుగురికే తెలుసు అన్నారు. నలుగురికి తెలిసిన సంగతి పర్లాకిమిడిలో ఎన్నాళ్ళు ఆగుతుంది? ఆ ఫిట్టరుకి ఇల్లుంది, బావమరుదులుంటారు, పొద్దున్నే కూర్చునే టీకొట్టు ఉంది. ఇవాళ మీ నోటి నుంచి వస్తే అది పొరపాటు చేశామని ఒప్పుకోవడం. నెల తర్వాత ఆ యూట్యూబ్ కుర్రాడి నోటి నుంచి వస్తే, అప్పుడు మీరు చెప్పిన నిజాలు కూడా ఎవరూ నమ్మరు. మూడు పేజీలు ఎవరూ చదవలేదని బాధపడుతున్నారు కదా, నాకైతే చదవకపోవడమే మంచిదయిందనిపించింది.

అయితే ఇక్కడొక జాగ్రత్త. విరేచనాలు బ్లీచింగ్ వల్లే వచ్చాయని మీరు అనకూడదు. కాదని కూడా అనకూడదు. క్లోరిన్ మరీ ఎక్కువైన నీళ్ళు తాగితే గొంతు మండుతుంది, కడుపులో తిప్పుతుంది. వానాకాలం విరేచనాలు మాత్రం చాలావరకు నీళ్ళలో మలం కలవడం వల్ల వచ్చేవి. ఊట దగ్గర కట్టిన తొట్టిలోకి వాననీళ్ళు దిగాయేమో, పైపు ఎక్కడైనా చిట్లి బురద పీల్చిందేమో, మీ ఉత్తరంలో ఎవరూ వెళ్ళి చూసినట్టు లేదు. జబ్బు ఎందుకు వచ్చిందో చెప్పాల్సింది డాక్టరు. మీరు చెప్పాల్సింది మీరేం చేశారో, ఏం చేయలేదో, అంతవరకే. "ట్యాంకు కడిగాం. బ్లీచింగ్ నీళ్ళు మొత్తం పారబోశాకే కుళాయికి వదలాలి. మొత్తం పారబోయకుండా వదిలాం. అది మా తప్పు. జబ్బు దాని వల్లే వచ్చిందా, ఇంకోదాని వల్లా అన్నది ఆసుపత్రి వాళ్ళు చూస్తున్నారు, వాళ్ళు చెప్పగానే మీకు చెప్తాం." ఆసుపత్రి వాళ్ళు నిజంగా చూస్తున్నారా? చూడకపోతే ముందు అది అడగండి. అడగకుండా ఆ వాక్యం వాడకండి.

పరీక్ష గురించి. హెచ్‌టుఎస్ సీసా మీకు తెలిసినదే, పాఠకుల కోసం చెబుతున్నాను. చిన్న సీసా, లోపల మందు పట్టించిన కాగితం ముక్క. గీత దాకా నీళ్ళు పోసి, మూత బిగించి, ఎండ తగలకుండా ఇంట్లో పెడితే, మలం కలిసిన నీళ్ళయితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడతాయి. అంతకు మించి అది ఏమీ చెప్పదు. అది అనుమానం పుట్టించే పరీక్షే, నల్లబడితే నమూనా ఆర్‌డబ్ల్యూఎస్‌ఎస్ (గ్రామీణ నీటిసరఫరా శాఖ) వాళ్ళ ల్యాబుకి వెళ్ళాలి. కానీ చూడ్డానికి చదువు అక్కర్లేదు, ముసలమ్మకైనా నలుపంటే నలుపే. 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ మొదలయ్యాక ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకి ఇలాంటి పరీక్షలు నేర్పాలని పద్ధతి పెట్టారు. ఆ ఊళ్ళో నేర్చుకున్నవాళ్ళుంటే వాళ్ళ చేతే చేయించండి, మీ చేతులు సీసాకి తగలనివ్వకండి. రెండు సీసాలు. ఒకటి కుళాయిది, ఒకటి గెడ్డది. అంగన్‌వాడీలో అందరికీ కనబడేచోట పక్కపక్కన పెట్టండి.

ముందు ఆఫీసులో గుట్టుగా చేసి చూసుకుని, బాగుంటేనే ఊళ్ళో చూపిద్దామని మీ డైరెక్టర్ గారికి తప్పకుండా అనిపిస్తుంది. నాకూ ఒకప్పుడు అలాగే అనిపించేది. వద్దు. మీ సీసా కూడా నల్లబడొచ్చు, ఊరందరి ముందే నల్లబడొచ్చు. నల్లబడితే అక్కడే కుళాయి కట్టేసి, ఎవరు ఎప్పుడొచ్చి ఏం బాగుచేస్తారో రోజుతో సహా చెప్పి, ఆ రోజున రండి. ఏది వస్తే అది చూపిస్తామని ముందే ఒప్పుకున్న సీసాని ఊరు నమ్ముతుంది.

ఇప్పుడు మాటల సంగతి. డైరెక్టర్ గారి ప్రకటనలో మొదటి వాక్యం ఇది: "సముదాయ భాగస్వామ్యంతో పర్వత ప్రాంత ఆవాసాలలో గురుత్వాకర్షణ ఆధారిత తాగునీటి వ్యవస్థల సుస్థిర నిర్వహణకై సామర్థ్య పెంపుదల దిశగా మా సంస్థ కృషి చేయుచున్నది." ఇది దాతలకి రాసిన ఇంగ్లీషు రిపోర్టుకి తెలుగు ముసుగని తెలుస్తూనే ఉంది. ఇందులో నీళ్ళున్నాయి కానీ ఎవరూ తాగడం లేదు. అదే సంగతి నేనైతే ఇలా చెప్తాను: "మీ ఊరి పైన కొండమీద ఊట ఉంది కదా, దాని చుట్టూ సిమెంటు తొట్టి కట్టాం. అక్కడి నుంచి పైపులో నీళ్ళు వాటంతటవే కిందికి దిగుతాయి. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. పైపు పగిలితే, తొట్టి మూత జరిగితే మాత్రం నీళ్ళు పాడవుతాయి. అది చూసుకోవడం మీ ఊరి కమిటీదీ మాదీ." నా వాక్యాల్లో గొప్పేమీ లేదు. కానీ అవి విన్నవాడికి వెంటనే ఒక ప్రశ్న పుడుతుంది: మూత జరిగితే ఎవరికి చెప్పాలి? ప్రశ్న పుట్టిందంటే అర్థమైందన్నమాట. మీ మూడు పేజీలు చదివినవాడికి ఏ ప్రశ్నా పుట్టదు.

అంకెలు కూడా అంతే. కుళాయి నీళ్ళలో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణం. ఆ అంకె ఊళ్ళో చదివితే ఏమీ కాదు. వెయ్యి లీటర్ల ట్యాంకు చూపించి, ఇంత నీళ్ళలో మిగలాల్సింది గ్రాములో అయిదో వంతు అని చెప్పి, కాగితం మీద అయిదు ఉప్పుగళ్ళు పోసి చూపిస్తే, "మందు కలుపుతున్నారు" అన్న మాటకి కొలత వస్తుంది. కలపడం నిజమే కదా, దాన్ని కాదనకండి. ఎంత, ఎందుకు, ఎక్కువైతే ఎలా తెలుస్తుంది అన్నది చెప్పండి. క్లోరిన్ ఎంతుందో రంగుతో చూపించే చిన్న సాధనం క్లోరోస్కోప్. క్లోరోస్కోప్‌లో నీళ్ళు పసుపుకి తిరగడం ఒకసారి వాళ్ళ పిల్లల చేత చేయించండి. పిల్లలు చేసింది పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తారు.

నిజం చెప్పాలంటే, పర్లాకిమిడిలో కూర్చుని ఈ ప్రశ్న నన్ను అడిగినందుకు నవ్వొచ్చింది. 1880లో మీ ఊళ్ళోనే బడిపంతులుగా చేరిన గిడుగు రామమూర్తి గారు సవరల మాట నేర్చుకోవాలనుకుంటే అప్పటికి పుస్తకం లేదు, నిఘంటువు లేదు. ఆ మాట తెలిసినవాళ్ళని తీసుకొచ్చి ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకి బళ్ళు పెట్టారు. ఆయన సవర వ్యాకరణం, నిఘంటువు 1930లలో అచ్చయ్యాయి. మనం మాట్లాడే తెలుగులోనే రాయాలని జీవితమంతా పోట్లాడిందీ ఆయనే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేస్తాం, తెల్లారి ఆఫీసుకెళ్ళి "సామర్థ్య పెంపుదల" అని రాస్తాం.

సరే, మీ దగ్గర మూడు భాషలున్నాయి. బ్లాకాఫీసుకి ఒడియా, బజారులో తెలుగు, కొండమీద సవర. మీ ఆఫీసులో అలవాటేమిటంటే ఒడియాలో రాసి మిగతా రెంటిలోకి తర్జుమా చేయించడం. సవరకి మాత్రం అలా చేయించకండి. ఆ ఊళ్ళో నోరున్న ఒక పెద్దావిడని కూర్చోబెట్టి, సంగతంతా వాల్వుతో సహా చెప్పి, "ఇది ఇంటికెళ్ళి మీ కోడలికి ఎలా చెప్తావమ్మా?" అని అడగండి. ఆవిడ చెప్పింది ఫోన్లో రికార్డు చేయండి. ఎక్కడ తడబడిందో అక్కడ మీరు సరిగ్గా చెప్పలేదన్నమాట. రెండోసారి చెప్పండి. మూడోసారికి ఆవిడ చెప్పేది మీకంటే బాగుంటుంది, ఆ ఆడియోనే వాట్సాప్‌లో తిరగనివ్వండి. నీళ్ళు మోసే మనిషి గొంతులో విన్నదానికి ఉండే బరువు డైరెక్టర్ గారి లెటర్‌హెడ్డుకి రాదు.

నా సంగతొకటి చెప్తాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మీ గజపతి జిల్లా కొండల్ని ఊడ్చేసినప్పుడు, నేను ఒక సంస్థ తరఫున టార్పాలిన్లు పంచే జట్టులో ఉన్నాను. ఒక ఊళ్ళో 80 ఇళ్ళు, మా జీపులో 52 టార్పాలిన్లు. రాత్రి లాంతరు పెట్టుకుని లిస్టు రాశాం. కప్పు పూర్తిగా ఎగిరిపోయిన ఇళ్ళు ముందు, పసిపిల్లలున్నవి తర్వాత, ఒంటరి ముసలివాళ్ళవి ఆ తర్వాత. న్యాయంగానే రాశామని ఇప్పటికీ అంటాను. కానీ ఎలా రాశామో ఊళ్ళో ఒక్కరికీ చెప్పలేదు. పొద్దున్నే పేర్లు పిలిచి, పంచేసి, జీపెక్కేశాం. "వార్డు మెంబరు మనుషులకే ఇచ్చారు" అన్న మాట మాకంటే ముందే పక్క పంచాయతీకి చేరింది. తొమ్మిది రోజులు మా జట్టుని ఎవరూ పలకరించలేదు. మేమేమో "మన పని మనం చేశాం, పని మాట్లాడుతుంది" అనుకుంటూ కూర్చున్నాం. పదోరోజు ఒక ముసలాయన, మాకేసి కూడా చూడకుండా, "మీ లెక్కేంటో గోడమీద రాయండి" అన్నాడు. బడి గోడమీద సుద్దతో రాశాం. అరగంటలో ఊరివాళ్ళే రెండు పేర్లు తప్పని చూపించారు. నిజంగానే తప్పు. ఒకాయన ఇంటికి కప్పు బాగానే ఉంది, మాకు చీకట్లో కనబడలేదు. ఆ రెండూ దిద్దాక మిగతా యాభై పేర్ల మీద మళ్ళీ ఎవరూ మాట ఎత్తలేదు. ఆ రెండు తప్పులు బయటపడకుండా ఉంటే మిగతా యాభై ఒప్పులు నమ్మేవాళ్ళు కాదేమో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

అందుకే ఆ నలభై లక్షల మాట. నాలుగు పేజీల్లో మీరు ఆ అంకె తప్పని కూడా రాయలేదు, ఒప్పని కూడా రాయలేదు. ఎంత ఖర్చయింది? ఆ ఊట తొట్టి పక్కనో, ట్యాంకు మీదో పెయింటుతో రాయించండి. ఎవరిచ్చారు, ఎంతిచ్చారు, పైపుకి ఎంత, సిమెంటుకి ఎంత, మేస్త్రీ కూలి ఎంత, మిగిలింది ఎక్కడుంది. మాటవరసకి "సుమారు 9 లక్షలు" అని రాస్తే ఎవరో సర్దేశారనిపిస్తుంది, చిల్లరతో సహా రాస్తే లెక్కపుస్తకం ఉందని తెలుస్తుంది. మీ జీతాలు కూడా రాయండి. ఇది మీ ఆఫీసులో గొడవ రేపుతుందని తెలుసు. జనానికి అసలు అనుమానం అక్కడే కదా. పదకొండేళ్ళుగా కొండలెక్కుతున్న మనిషికి జీతం ఉండడంలో సిగ్గేముంది? విదేశీ నిధులు తీసుకునే సంస్థ అయితే, విదేశీ నిధుల చట్టాన్ని 2020లో సవరించాక ఆ నిధుల్లో ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు, అంతకు ముందు 50 దాకా ఉండేది. మీరు ఆ లోపే ఉంటే ఆ ముక్క కూడా చెప్పండి. ఆ లెక్కంతా పల్లిసభలో చదవండి. ఒడిశాలో పంచాయతీ మొత్తానికి గ్రామసభ ఉన్నట్టే ఊరికి విడిగా పల్లిసభ ఉంటుంది. మీకు కావలసింది ఆ చిన్నదే, అక్కడ ఆడవాళ్ళు కూడా నోరు విప్పుతారు.

యూట్యూబ్ కుర్రాడి మీద లాయరు నోటీసు విషయం. పరువునష్టానికి చట్టం ఉంది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్. మింగేశారన్న మాటకి ఆధారం చూపలేకపోతే వాడికి ఇబ్బందే. కానీ ఇవాళ మీరు నోటీసు పంపితే రేపు ఆ నోటీసే రెండో వీడియో. పైగా వాడు చెప్పినదాంట్లో సగం, నీళ్ళలో ఏదో తేడా జరిగిందన్నది, నిజం. సగం నిజం చెప్పినవాడి మీద కోర్టుకెళ్ళే ముందు ఆ సగం మీరు చెప్పేసి ఉండాలి. వాడికి ఒక పేజీ ఉత్తరం రాయండి. అందులో రెండే సంగతులు. వాల్వు విషయంలో మా తప్పు ఇది, డబ్బు విషయంలో అసలు లెక్క ఇదిగో. సీసాలు పెట్టే రోజు కెమెరా తెచ్చుకోమనండి. వస్తే మంచిదే, రాకపోతే రమ్మన్న ఉత్తరం మీ దగ్గరుంటుంది. ఆ తర్వాత కూడా మింగేశారనే అంటుంటే అప్పుడు లాయరు.

మీ డ్రైవరుకి, వంటావిడకి, అకౌంటెంటుకి ఈ సంగతులన్నీ డైరెక్టర్ గారికి తెలిసినంత స్పష్టంగా తెలియాలి. సంతలో జనం అడిగేది డైరెక్టర్ గారిని కాదు, వంటావిడని. తెలియనిది అడిగితే "కనుక్కుని రేపు చెప్తాను" అనడానికి వాళ్ళకి అనుమతివ్వండి. ఒకే షరతు, రేపు చెప్పాలి.

ఫిట్టరు సంగతి ఆఖరికి ఉంచాను. తీసేయకండి. వాణ్ణి తీసేస్తే మిగతా ఫిట్టర్లందరూ నేర్చుకునేది నోరు మూసుకోవడం ఎలాగో. అసలు మీకు ఈ విషయం ఎలా తెలిసింది? వాడు చెప్పబట్టే కదా. సీసాల రోజున వాణ్ణే తీసుకెళ్ళండి. ట్యాంకు మళ్ళీ కడగమనండి, ఊరి కమిటీ ముందు. బ్లీచింగ్ నీళ్ళు మొత్తం కిందికి పారేదాకా, క్లోరిన్ తగ్గిందని క్లోరోస్కోప్ చూపించేదాకా, కుళాయి వాల్వు కమిటీ పెద్ద చేతిలో ఉండాలి. ఆయన సరే అన్నాకే వాడు తిప్పాలి. ఇక మీదట ప్రతిసారీ అదే పద్ధతని అక్కడే రాసి పెట్టుకోండి.

ఇంకో మాట. వాళ్ళ సంత ఏ రోజో చూసుకుని వెళ్ళండి. సంతరోజు ఎక్కితే ఊళ్ళో ముసలివాళ్ళు, మేకలు తప్ప ఎవరూ ఉండరు.